వేలిముద్ర పోయినది, ముకాదము పోలేదు

ముంబయి నగరమును కట్టిన చేతులలో తెలుగు చేతులు అనేకములని చెప్పుకొనుట మనకు పరిపాటి. వార్షికోత్సవములలో చెప్పుకొందుము, ఇట్టి సంచికలలో వ్రాసికొందుము. అది అసత్యము కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరి దినములనుండి నైజాము రాజ్యము విడిచి వచ్చి, ఇచట రాయి మోసి గోడ కట్టిన కామాటీల పేరుమీదనే కామాటిపురా వెలసినది. 1873లో జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించిన పిమ్మట, ఈ నగరమున ఆయనకు అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి తెలుగు గుత్తదారులు కలరు. ఇవి గర్వింపదగిన విషయములే. కాని ఆ చరిత్రలోనే మనము చదువని పుట ఒకటి కలదు. అది వేలిముద్రల పుట.

ఆ కాలమున మనవారిలో అధికులకు అక్షరము రాదు. కూలి ఎంతో ముకాదము చెప్పవలెను. అప్పు ఎంత తీరినదో ముకాదము చెప్పవలెను. కాగితములో ఏమున్నదో వాడే చదివి వినిపింపవలెను. మనవాడు సిరాలో బొటనవ్రేలు ముంచి, చూపిన చోట ఒత్తెడివాడు. ఆ ముకాదము పరాయివాడు కాడు. మన ఊరివాడు, మన భాషవాడు, పండుగనాడు మన ఖోలీలో కూర్చుండి భోజనము చేయువాడు. అందరు ముకాదములు దుర్మార్గులని మేము చెప్పము. కాని మన వేలు వాని చేతిలో ఉన్నంతకాలము మన కూలియు వాని చేతిలోనే ఉండెను. మంచివాడైనచో బ్రతికితిమి, కానిచో చెడితిమి. మన బాగోగులు మన వివేకముమీద గాక వాని మంచితనముమీద ఆధారపడి యుండెను. దానినే మేము దాస్యమనుచున్నాము.

నేడు మన పిల్లలు చదువుకొనుచున్నారు. వేలిముద్ర పోయినదని సంతసించుచున్నాము. మేము అడుగునది ఒక్కటే: వేలిముద్ర పోయినది సరే, ముకాదము పోయినాడా? పోలేదు. గల్లీ మొగలో కంప్యూటరు ముందర కూర్చున్నాడు.

విషయము సూటిగా చెప్పెదము. ఈ రాష్ట్రమున నేడు బిడ్డను చదువులో చేర్చుట యనగా బడి గడప త్రొక్కుట మాత్రమే కాదు. దానికి ముందు పోర్టల్ అను మరియొక గడప దాటవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో నూటికి 25 స్థానములు బలహీన వర్గముల పిల్లలకు దక్కవలెను. వానికి దరఖాస్తు ఆన్‌లైనులోనే, లాటరీయు ఆన్‌లైనులోనే. పదవ తరగతి ముగిసిన పిమ్మట పదునొకండవ తరగతి ప్రవేశము 2025-26 నుండి రాష్ట్రమంతటికిని ఒకే పోర్టల్ ద్వారా జరుగుచున్నది. ముంబయికి ఈ పద్ధతి అంతకు చాల ఏండ్ల ముందే వచ్చినది. విద్యార్థి వేతనములకు మహాడీబీటీ అను వేరొక పోర్టల్ కలదు. ప్రతి పోర్టల్‌నకు ఒక లాగిన్ పేరు, ఒక పాస్‌వర్డు, ఒక మొబైలు నంబరు ఉండును. జనులు పాస్‌వర్డునే తాళపుచెవి యనుకొందురు. అది సగము మాత్రమే నిజము. పాస్‌వర్డు మరచినను, మరియొకరు మార్చినను, క్రొత్తది తెచ్చుకొనుటకు కావలసిన ఓటీపీ ఆ మొబైలు నంబరునకే వచ్చును. కావున నంబరు ఎవరిదో పోర్టల్‌లో మన బిడ్డ ఖాతా వారిది.

మేము గుమాస్తాగా పనిచేసిన వారము. ఖజానా పెట్టెకు రెండు తాళములుండునని, రెండు చెవులు ఇద్దరి వద్ద ఉండునని, ఒక్కని చేతిలో రెండును పడరాదని ఉద్యోగమున చేరిన నాడే నేర్పుదురు. పాస్‌వర్డు, ఓటీపీ అనునవి అట్టి రెండు తాళములే. ఒకటి పోయినను రెండవది కాపాడవలెనని ఆ ఏర్పాటు. మనమేమి చేయుచున్నాము? పాస్‌వర్డు దుకాణదారుని చేతనే పెట్టించుచున్నాము. నంబరు అడిగినపుడు, మా ఫోను పనిలో ఉండునప్పుడు తీయలేము, నీదే వ్రాయుమనుచున్నాము. రెండు చెవులును మనమే వాని జేబులో వేసి, పనికి మురిసి రుసుము చెల్లించి వచ్చుచున్నాము.

దీని ఫలితమును 2025లో మేము కన్నులార చూచితిమి. మా గల్లీలో ఒక బాలిక పదవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైనది. తండ్రి నాకామీద నిలుచుండి కూలి వెదకుకొనువాడు. తల్లి నాలుగిండ్లలో పని చేయునది. దగ్గరనున్న దుకాణములో పదునొకండవ తరగతి దరఖాస్తు నింపించినారు. దుకాణదారుడు మనవాడే, మంచివాడే. నంబరు తనది వ్రాసికొన్నాడు. బాలిక కోరిన కళాశాలను మొదటి ఎంపికగా పెట్టినాడు. ఆ కళాశాలయే ఆమెకు దక్కినది. ఆ సమాచారము వాని ఫోనుకు చేరినది. ఆ ఫోను అప్పుడు కరీంనగరు వైపు ఒక పెండ్లి పందిరిలో ఉన్నది.

జాబితా వెలువడినదని ఇరుగుపొరుగువారు చెప్పగా తల్లి మా వద్దకు పరుగెత్తి వచ్చినది. లాగిన్ పేరు వ్రాసిన కాగితము ఉన్నది, పాస్‌వర్డు లేదు. మరచిపోతినని మీట నొక్కితిమి. ఓటీపీ పోయినది, ఈ ఖోలీలో ఏ ఫోనును మ్రోగలేదు. దుకాణదారునికి ఎన్నిమార్లు ఫోను చేసినను అందలేదు. గడువు దాటినది. ఆ పద్ధతిలో నియమమొకటి కలదు: మొదటి ఎంపికయే దక్కి, గడువులోపల చేరనివారు తరువాతి సాధారణ విడతలకు అర్హులు కారు. చివర అందరికిని తెరచు విడత వరకు వేచియుండవలెను. ఆ బిడ్డ వేచియున్నది. తుదకు దొరికినది తాను కోరిన శాఖ కాదు, దగ్గరి కళాశాలయును కాదు. ఆమె మార్కులు ఎవరును దొంగిలింపలేదు. ఎవరును ఆమెకు కీడు తలపలేదు. అయినను ఆమె స్థానము పోయినది. దుకాణదారుడు తిరిగివచ్చి కన్నీరు పెట్టుకొన్నాడు. ఆ కన్నీటితో స్థానము తిరిగి రాదు.

ఈ మాట చెప్పినపుడెల్లను మనవారు కొన్ని జవాబులు సిద్ధముగా ఉంచుకొందురు. ఒక్కొక్కటి విచారింతము.

మొదటి జవాబు: “మాకు కంప్యూటరు రాదు, ఏమి చేయుదుము?” రాకపోవుట తప్పు కాదు. సహాయము కోరుటయు తప్పు కాదు. వెనుకటి దినములలో జి.పి.ఓ. ఎదుట కూర్చుండి ఉత్తరములు వ్రాసిపెట్టువారుండిరి. చెప్పినది వ్రాసి, చదివి వినిపించి, ఉత్తరము మన చేతిలో పెట్టి, కూలి పుచ్చుకొనెడివారు. అంతటితో వారి పని తీరెడిది. ఊరినుండి వచ్చు జవాబు మన చిరునామాకే వచ్చెడిది గాని వారి చిరునామాకు రాలేదు. వ్రాయసగానికిని ముకాదమునకును గల భేదమిదియే. ఒకడు మన పని చేసి చేయి దులుపుకొనును. మరియొకడు మన పనిని తనవద్ద ఉంచుకొనును. కంప్యూటరు దుకాణదారుని వ్రాయసగాడుగా వాడుకొనుడు, ముకాదముగా చేసికొనకుడు. వ్రేళ్ళు వానివి కావచ్చును. నంబరు మాత్రము మనది కావలెను, పాస్‌వర్డు మనము తలచినది కావలెను.

రెండవ జవాబు: “పేదవారము, మావద్ద దోచుకొనుటకు ఏమున్నది?” ఈ మాట విన్నపుడెల్ల మాకు కోపము వచ్చును. బిడ్డ ఆధారు నంబరు ఉన్నది, పుట్టిన తేదీ ఉన్నది, కులధ్రువపత్రము ఉన్నది, తండ్రి ఆదాయపత్రము ఉన్నది, విద్యార్థి వేతనము పడు బ్యాంకు ఖాతా ఉన్నది. ఇవన్నియు దుకాణదారునికి వాట్సాప్‌లో పంపుచున్నాము. పని ముగిసినను అవి వాని ఫోనులో ఉండును. వాని కంప్యూటరులో ఉండును. ఆ కంప్యూటరును తరువాత వాడినవానికి కనబడుచుండును. ధనవంతుని ఇంట దొంగ పడినచో నగ పోవును, మరియొకటి కొనుక్కొనును. మన బిడ్డకు పోవునది ఒక విద్యాసంవత్సరము. దానిని ఏ అంగడిలో కొందుము?

మూడవ జవాబు: “వాడు మనవాడు, నమ్మకస్థుడు.” దీనికి సమాధానముగా మా తప్పును మేము ఒప్పుకొనవలసియున్నది.

ఉద్యోగ విరమణ తరువాత కొన్ని ఏండ్లు మేము చాళ్ళలోని పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టుచుంటిమి. రూపాయి పుచ్చుకొనలేదు. తల్లిదండ్రులు పాస్‌వర్డులు మరచిపోవుచున్నారని, ఒక చేతిపుస్తకములో అందరివియు వ్రాసి ఉంచితిమి: పేరు, లాగిన్, పాస్‌వర్డు, పుట్టిన తేదీ, ఆధారు. గుమాస్తా అలవాటు; గీతలు గీసి, వరుస సంఖ్యలు వేసి, చక్కని దస్తూరితో వ్రాసితిమి. అందరికిని గుర్తుండునట్లు చాలమంది పిల్లలకు ఒకటే పాస్‌వర్డు పెట్టితిమి. అది పరోపకారమనుకొంటిమి. ఆ బాలిక స్థానము పోయిన నాటి రాత్రి ఆ పుస్తకము తెరచి చూచితిమి. ఆ పుస్తకము ఒకనాడు పోగొట్టుకొనినచో? మాకు జబ్బు చేసినచో? ఇంటికి వచ్చిపోవువారిలో ఒకడు ఫోనుతో ఒక పుట ఫొటో తీసినచో? ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దలు ఊరక అనలేదు. దుకాణదారుని నిందించుటకు నోరు తెరచిన మేము, వానికంటె పెద్ద ముకాదము మేమేయని అప్పుడు గ్రహించితిమి. వాని రుసుము పది మందికి తెలిసినది. మా దయకు లెక్క అడుగువారు లేరు. మరునాటినుండి ఒక్కొక్క కుటుంబమును పిలిచి, వారి ఫోనుమీద వారిచేతనే పాస్‌వర్డు మార్పించి, ఆ వరుసను కొట్టివేసితిమి. చివరి వరుస కొట్టివేసిన పిమ్మట పుస్తకమును చించి కాల్చితిమి. ఇట్టి పుస్తకములు మన సంఘముల బీరువాలలో, మన ఉపాధ్యాయుల సంచులలో ఇంకను ఉన్నవి. ఉంచుకొనినవారు మంచివారే. అందుచేతనే ఇంత కటువుగా వ్రాయుచున్నాము.

ఒక్క చెవి చెడ్డచేతిలో పడినచో ఎంత నష్టము కలుగునో లోకమెల్ల చూచినది. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లల బడులు స్కూల్ డిస్ట్రిక్టు అను మండలము క్రింద ఉండును. మార్కులు, హాజరు, వైద్య వివరములు మొదలైనవి పోర్టల్‌లో చూతురు. అట్టి బడులలో అనేకము వాడు పవర్‌స్కూల్ అను వ్యవస్థలోనికి 2024 డిసెంబరులో దొంగలు చొరబడిరి. గోడ పగులగొట్టలేదు, ఒక కాంట్రాక్టరు లాగిన్ చేజిక్కించుకొని తలుపు తెరచుకొని పోయిరి. ఆ తలుపునకు రెండవ తాళము లేదు. అక్కడి ప్రాసిక్యూటర్ల లెక్క ప్రకారము 6 కోట్లకు పైగా విద్యార్థుల వివరములు, సుమారు 1 కోటి ఉపాధ్యాయుల వివరములు వారికి చిక్కినవి. నేరము ఒప్పుకొన్నవాడు పందొమ్మిదేండ్ల కళాశాల విద్యార్థి. 2025 అక్టోబరులో వానికి నాలుగేండ్ల జైలుశిక్ష పడినది. అంత ధనము, అంత విజ్ఞానము గల దేశముననే ఒక్క చెవి ఇంత చేసినప్పుడు, నలువది మంది పిల్లల చెవులు ఒక చేతిపుస్తకములో పెట్టి నిద్రపోవుట ఎట్టి వివేకము?

దోషమంతయు మన పేదలదేయని మేము చెప్పుటలేదు. ఏలినవారి దోషము తక్కువ కాదు. కేంద్రప్రభుత్వపు దీక్షా యాప్‌లోని సుమారు 6 లక్షల విద్యార్థుల, 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరములు తాళము లేని నిల్వలో బయటపడి యుండెనని 2023 జనవరిలో లోకమునకు తెలిసినది. మాకు జాగ్రత్త నేర్పువారు మొదట తమ తలుపు వేసికొనవలెను. మరియొకటి: ప్రభుత్వపు పోర్టల్ పేరు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉన్నదా లేదా చూచుకొనుడని ప్రజలకు చెప్పుదురు. విద్యాహక్కు దరఖాస్తుల పోర్టల్‌నకు అది కలదు. కాని 2025లో పదునొకండవ తరగతికి తెరచిన పోర్టల్‌నకు ఆ గురుతు లేదు. పేరు చివర ఊరక ‘డాట్ ఇన్’ అని యుండెను. ఎవడైనను కొద్ది రూపాయలతో కొనగల పేరది. నిజమైన పోర్టల్‌నకే నిజమైన గురుతు పెట్టనిచో, నాకామీద కూలివాడు నకిలీని ఎట్లు గుర్తించును?

భాష సంగతి చెప్పనే అక్కరలేదు. ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు నడపిన సంస్థ. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. పాఠము తెలుగులో చెప్పుట న్యాయమైనచో, ఆ పాఠమునకు దారితీయు దరఖాస్తులోని సూచనలు తెలుగులో ఇచ్చుట అన్యాయమెట్లగును? చదువలేని భాషలో షరతులు వ్రాసి, క్రింద ‘అంగీకరించితిని’ అని మీట నొక్కుమనుటకును, చదువలేని కాగితముపై వేలిముద్ర వేయుమనుటకును ఏమి భేదము? పదునెనిమిదేండ్లు నిండని పిల్లల వివరములకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. 2025 నవంబరులో వెలువడిన నియమములు దశలవారీగా అమలులోనికి వచ్చుచున్నవి. అర్థము కాని సమ్మతి సమ్మతి కాదని మన సంఘములు గట్టిగా అడుగవలెను.

అయితే ఏలినవారు దిద్దుకొనువరకు మన బిడ్డల దరఖాస్తులు ఆగవు. కావున మన చేతిలోనిది మనము చేసికొందము. పోర్టల్‌లో వ్రాయించు నంబరు ఇంట ఉండువారి నంబరు కావలెను. దానికి రీఛార్జి తప్పరాదు, ఏలనన మూలబడిన నంబరు కొంతకాలమునకు వేరొకరికి పోవును. పాస్‌వర్డు బిడ్డ పేరు, పుట్టిన తేదీ కారాదు. ఒకదానితో ఒకటి పొంతన లేని మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు లిపిలో చేర్చి, పోర్టల్ కోరినచో ఒక అంకెయు గురుతును కలిపినచో పొడవైనది, గుర్తుండునది అగును. ఒక పోర్టల్ పాస్‌వర్డు మరియొకదానికి పెట్టరాదు. మరచెదమను భయమున్నచో కాగితముమీద వ్రాసి ఇంటి ట్రంకుపెట్టెలో బట్టల క్రింద పెట్టుడు. అందు తప్పు లేదు. గోడమీద, వాట్సాప్ గ్రూపులో, దుకాణపు పుస్తకములో వ్రాయుటయే తప్పు.

దుకాణమునకు పోయినపుడు చదువుకొనిన బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుడు. పాస్‌వర్డు బిడ్డయే కొట్టవలెను. దానిని దాచుకొందునా యని కంప్యూటరు అడిగినచో వలదనవలెను. దరఖాస్తు ముగించుటకు ముందు ఎంపికల వరుసను బిగ్గరగా చదివించుకొనుడు. ముగించిన పిమ్మట అచ్చు తీసికొనుడు. లేచుటకు ముందు లాగౌట్ చేయించి, మన పత్రముల ప్రతులను ఆ కంప్యూటరునుండియు, వాని ఫోనునుండియు మన ఎదుటనే తీసివేయించుడు. ఇట్లు అడుగుట అవమానించుట కాదు. నగ తూకము వేయునపుడు త్రాసు చూతుము గదా! బడినుండి వచ్చినదని చెప్పు సందేశములోని లింకును నొక్కకుడు. పోర్టల్ పేరు బడిలో అడిగి మనమే కొట్టవలెను. ఓటీపీ ఎవరడిగినను, ప్రధానోపాధ్యాయుడనని చెప్పినను, ఫోనులో చెప్పకుడు. విద్యాహక్కు లాటరీలో స్థానము ఇప్పింతునని సొమ్ము అడుగువాడు మోసగాడు. లాటరీకి సిఫారసు లేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి కూర్చొనక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు.

మన సంఘములకు ఒక్క మాట. పిల్లలకు నోటుపుస్తకములు పంచుచున్నాము, వెలుగు దీపములు పెట్టి సన్మానములు చేయుచున్నాము. వచ్చు ప్రవేశముల ఋతువునకు ముందు రెండు ఆదివారములు తల్లులను పిలిచి, వారి ఫోనుమీద వారిచేతనే పాస్‌వర్డు మార్చుట నేర్పుడు. మన కళాశాల పిల్లలు నేర్పగలరు. కాని ఒక్క నియమము: నేర్పువాడు ఫోను తన చేతిలోనికి తీసికొనరాదు, ఏ పుస్తకములోను ఏమియు వ్రాసికొనరాదు. తల్లికి ఒక గంట పట్టినచో పట్టనిండు.

కామాటిపురాలోను, బి.డి.డి. చాళ్ళలోను పాత కట్టడములు పోయి క్రొత్తవి లేచు కాలమిది. క్రొత్త ఇంటి తాళపుచెవులకై మనము పత్రములు పట్టుకొని ఎన్ని గడపలు ఎక్కి దిగుచున్నామో అందరికిని తెలియును. ఇంటి చెవిని పరాయివాని జేబులో ఉంచుదుమా? బిడ్డ చదువు చెవి అంతకంటె చులకనయా? మన తాతలకు అక్షరము రాదు గనుక వేలు ఇచ్చిరి. మనకు అక్షరము వచ్చును. ఇక వేలు మన చేతికే ఉండవలెను.